డాట్ కామా, డాట్ ఇనా, వంద రూపాయల డాట్ టాపా: మన దుకాణానికి ఏది మేలు?

వరంగల్ కొత్తవాడలో దరీలు అమ్మేవాళ్లైనా, నయీంనగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపేవాళ్లైనా, ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం చేసేవాళ్లైనా వెబ్‌సైట్ అనుకోగానే ముందు ఆగేది ఇక్కడే. పేరు కుదిరింది, చివర తోక, అంటే డాట్‌తో మొదలయ్యే ఆఖరి ముక్క, ఏం పెట్టాలి? వెతికి చూస్తే డాట్ కామ్‌కు ఏడాదికి సుమారు వెయ్యి, ఆ పైన చూపిస్తుంది, దాని కిందనే డాట్ ఆన్‌లైన్, డాట్ సైట్, డాట్ టాప్ లాంటివి వంద, రెండు వందలకే వస్తుంటాయి. "అన్నా, పేరైతే ఒకటే కదా, తక్కువదే తీసుకుందాం" అంటారు చాలామంది. నేనైతే వద్దంటా. ఊళ్లో వ్యాపారానికి డాట్ ఇన్ తీసుకోండి, చేతిలో ఇంకో వెయ్యి ఉంటే అదే పేరుతో డాట్ కామ్ కూడా పట్టి పెట్టుకోండి.

చవక తోకల సంగతి ముందు చూద్దాం, అసలు కథంతా అక్కడే ఉంది. ఆ అక్షరాల్లో దోషమేమీ లేదు. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ 2015లో తన సైట్‌ను డాట్ ఎక్స్‌వైజెడ్ మీదే పెట్టుకుంది, దానికేం కాలేదు. చిక్కంతా రేటుతోనే. మోసం చేసేవాడికి ఒక పేరు సరిపోదు, పొద్దున పది కొంటాడు, సాయంత్రానికి అవి బ్లాక్ అవుతాయి, మళ్లీ పది కొంటాడు. వాడికి పేరు, పరువు అక్కర్లేదు, చవక ఒక్కటి చాలు. పసిఫిక్‌లో టోకెలావ్ అని చిన్న దీవుల గుంపు ఉంది, జనం చాలా తక్కువ, దాని డాట్ టీకే ఒకప్పుడు ప్రపంచంలో ఎక్కువగా వాడే దేశాల తోకల్లో ఒకటి. ఎందుకంటే ఫ్రీనామ్ అనే కంపెనీ దాన్ని ఉచితంగా పంచింది. దొంగ సైట్లు అంతకంతకూ పెరిగాయి, మెటా కోర్టుకెక్కింది, 2023లో కొత్త రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి, 2024లో ఆ కంపెనీ డొమైన్ల, అంటే వెబ్‌సైట్ పేర్ల, వ్యాపారం నుంచే తప్పుకుంటున్నానంది. అదే 2024 జులైలో, ఈ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ, ఫిషింగ్ (అసలు సైట్‌లా నటించి వివరాలు దోచుకోవడం) ఫిర్యాదులను సరిగా పట్టించుకోవట్లేదని డాట్ టాప్ నడిపే చైనా కంపెనీకి నోటీసు ఇచ్చింది.

అయితే మనకేం, మనం మోసం చేయట్లేదు కదా అంటారు. అదే చెప్తున్నా, కాలనీలో నలుగురు దొంగలు అద్దెకు దిగితే పోలీసులు అందరి తలుపూ కొడతారు. మెయిల్ ఫిల్టర్లు కూడా పంపినవాడి తోకను ఒక గుర్తుగా చూస్తాయి, కొన్ని ఆఫీసుల నెట్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్స్ అయితే ఇలాంటి తోకలను గంపగుత్తగా ఆపేస్తాయి. చపాటా మిర్చికి ముంబై పార్టీ రేటు అడిగింది, మీరు కొటేషన్ పంపారు, అది వాళ్ల స్పామ్ ఫోల్డర్‌లో పడింది, జవాబు రాలేదని మీరు, రేటు చెప్పలేదని వాళ్లు. అక్కడికి బేరం పోయినట్టే. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి, డాట్ కామ్ తీసుకున్నంత మాత్రాన మెయిల్ నేరుగా ఇన్‌బాక్స్‌కు పోదు. మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు డొమైన్ సెట్టింగ్స్‌లో పెట్టించాలి, సైట్ చేసే కుర్రాడిని ఆ మూడు పేర్లూ చెప్పి మరీ అడగండి. అవి లేకపోతే ఏ తోకైనా ఒకటే.

రేటు విషయం ఇంకొంచెం దగ్గరగా చూడండి. డబ్బు కట్టే పేజీలో పెద్ద అక్షరాల్లో మొదటి ఏడాది 99 అని ఉంటుంది. దాని కింద బూడిద రంగులో, వేలు పెట్టి వెతికితే గానీ కనపడనంత చిన్నగా రెన్యూవల్ రేటు ఉంటుంది. డాట్ ఆన్‌లైన్, డాట్ స్టోర్ లాంటి వాటికి అది వేలల్లోకి పోతుంది. అప్పటికి విజిటింగ్ కార్డులు, బోర్డు, కవర్లు అన్నిటి మీదా ఆ పేరే అచ్చయి ఉంటుంది, కట్టక ఏం చేస్తారు?

ఇక డాట్ కామ్, డాట్ ఇన్. డాట్ కామ్ 1985 నుంచి ఉంది, ఎవరికి చెప్పినా ఇంకోసారి అడగరు, కానీ మంచి పేర్లన్నీ ఎప్పుడో అయిపోయాయి. డాట్ కామ్ అంటే నమ్మకం అనుకోవడం కూడా పొరపాటే, దాని మీద కోట్ల కొద్దీ పేర్లున్నాయి, దొంగ సైట్లూ అందులో బోలెడు. డాట్ ఇన్ 2005 నుంచి అందరికీ సులువుగా దొరుకుతోంది, నిక్సీ అనే సంస్థ చూస్తుంది, ఏడాదికి సుమారు ఆరేడు వందలు, రెన్యూవల్‌కు గుండె ఆగేంత పెరగదు. యజమాని వివరాలను మరుగున పెట్టే ప్రైవసీ సర్వీసు దీనికి ఇవ్వరు, నిజాయితీగా అమ్ముకునేవాడికి అది ఇబ్బంది కాదు. కస్టమర్లంతా వరంగల్, కరీంనగర్, హైదరాబాద్ వాళ్లే అయితే డాట్ ఇన్ చాలు. దరీలు బయటి దేశాలకు పంపే ఆలోచన ఉంటేనే డాట్ కామ్ తప్పనిసరి అంటాను. మన లిపిలో డాట్ భారత్ కూడా ఉంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ చాలా ఫారాలు అలాంటి మెయిల్‌ను తీసుకోవు. ఇప్పటికైతే అదనంగా పెట్టుకోవచ్చు, దాని మీదే ఆధారపడొద్దు.

కొనేవాళ్ల సంగతి సరే, లింక్ నొక్కేవాళ్లకు కూడా ఈ తోకతో పని ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో చలానా కట్టండి, పీఎం కిసాన్ డబ్బులు పడ్డాయి అని వచ్చే లింకుల్లో ముందు భాగం అచ్చం సర్కారుదిలాగే ఉంటుంది. "పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ లాభం డాట్ టాప్" అని ఉందనుకోండి, చూపు ముందు ముక్క మీదే ఆగిపోతుంది. మొదట్లో వచ్చే https:// వదిలేసి, ఆ తర్వాత మొదటి స్లాష్ (/) ఎక్కడుందో చూసి, అది లేకపోతే లింక్ చివరి నుంచి, వెనక్కి చదవాలి. అక్కడ డాట్ టాప్ ఉంది, అంటే ఆ సైట్ "లాభం" అనే పేరు కొన్నవాడిది, సర్కారుది కాదు. అడ్రస్ పక్కన తాళం గుర్తు చూసి నమ్మొద్దు, దాన్ని తెచ్చే సర్టిఫికెట్ దొంగకూ ఉచితంగానే వస్తుంది. లింక్‌తో పాటు ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించేది) వస్తే ఇంకేం చదవక్కర్లేదు, డిలీట్ చేయడమే. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ కొట్టండి.

బ్యాంకుల విషయంలో ఈ మధ్య కొంచెం టెన్షన్ తగ్గింది. రిజర్వ్ బ్యాంక్ 2025లో బ్యాంకులన్నిటినీ అక్టోబర్ 31 లోపు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారమంది, ఆ పేర్లు ఇచ్చేది హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కటే, బ్యాంకు కానివాడికి ఇవ్వదు. గవ్ డాట్ ఇన్ కూడా అంతే, బయటివాళ్లు కొనలేరు. కానీ పట్టించుకోని సర్కారు సైట్లలో, కాలేజీల సైట్లలో బెట్టింగ్ పేజీలు దూరిన సందర్భాలున్నాయి. తోక చూస్తే ఆ సైట్ ఎవరిదో తెలుస్తుంది, దాన్ని వాళ్లు సరిగా కాపాడుతున్నారో లేదో తెలియదు.

చివరగా, ఏ తోక తీసుకున్నా డొమైన్ మీ పేరు మీద, మీ ఫోన్ నంబర్‌తో, మీ మెయిల్‌తో కొనండి, సైట్ చేసే కుర్రాడి ఖాతాలో వద్దు. వాడు ఉద్యోగం దొరికి హైదరాబాద్ పోతే రెన్యూవల్ మెసేజ్ వాడికే పోతుంది, గడువు దాటిన పేరును ఇంకెవడో కొని రమ్మీ సైట్ పెడతాడు, మీ షాపు బోర్డు మీద మాత్రం అదే అడ్రస్ ఉంటుంది.