విండోస్ 10 నుంచి 11కి: నాలుగేళ్లు వాడాక

ముందు తీర్పు చెప్పేస్తే చదివేవాళ్లకు సుఖం. ఎస్‌ఎస్‌డి (తిరిగే భాగాల్లేని, చిప్‌లతో చేసిన డిస్క్), 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద విండోస్ 11 దాదాపు విండోస్ 10లాగే నడుస్తుంది. అదే ల్యాప్‌టాప్‌లో పాత తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే మాత్రం చుక్కలు చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ కనీస అర్హతల జాబితాలో ఇంటెల్ 8వ తరం లేదా రైజెన్ 2000 సిరీస్ ప్రాసెసర్, టీపీఎం 2.0 (భద్రతా చిప్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ అని ఉంది. ప్రాసెసర్ దగ్గర అంత పట్టుబట్టినవాళ్లు డిస్క్ ఎస్‌ఎస్‌డి అయి తీరాలని మాత్రం రాయలేదు. 'అప్‌గ్రేడ్ చేశాక సిస్టమ్ స్లో అయింది' అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఆ రాయని లైనే. 4 జీబీ ర్యామ్ అన్నది కూడా ఇన్‌స్టాల్ కావడానికి సరిపోయే లెక్క, పని చేసుకోవడానికి కాదు.

2021 అక్టోబర్ 5న వచ్చిన మొదటి విడుదల నుంచి 24హెచ్2 వెర్షన్ వరకు మూడు రకాల మెషీన్ల మీద వాడాక రాస్తున్న మాటలివి: ఐ5-8250యు, 8 జీబీ, ఎస్‌ఎస్‌డి ఉన్న ల్యాప్‌టాప్, రైజెన్ 5 3600, 16 జీబీ డెస్క్‌టాప్, ఐ3-8130యు, 4 జీబీ, 1 టీబీ హార్డ్ డిస్క్‌తో ఉన్న ల్యాప్‌టాప్. మూడూ అర్హత ఉన్నవే. మూడింటి అనుభవం మూడు రకాలు.

అప్‌గ్రేడ్ అయిన మొదటి రెండు మూడు రోజుల్లో ఏ తీర్పూ ఇవ్వకూడదు. డెస్క్‌టాప్ కనబడగానే పని అయిపోయినట్టు అనిపిస్తుంది గానీ, వెనకాల అసలు పని అప్పుడే మొదలవుతుంది. సెర్చ్ ఇండెక్స్ మళ్లీ తయారవుతుంటుంది, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ స్కాన్ నడుస్తుంది, డాట్‌నెట్ ఫైళ్లు కొత్తగా కంపైల్ అవుతాయి, స్టోర్ యాప్‌లు ఒకదాని వెనక ఒకటి అప్‌డేట్ అవుతాయి, డ్రైవర్లు దిగుతాయి. టాస్క్ మేనేజర్‌లో విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్, యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అనే రెండు పేర్లు పైన కూర్చుని ఉంటే అది ఈ దశే. వాటిని ఎండ్ టాస్క్ కొట్టడం వల్ల ఒరిగేది లేదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాయి. చేయాల్సింది ఒక్కటే: చార్జర్ పెట్టి, స్లీప్‌ను నెవర్ చేసి, ఒక రాత్రంతా వదిలేయాలి. చార్జర్ ఎందుకంటే బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఇండెక్సింగ్ తనంతట తాను తగ్గిపోతుంది. బ్యాటరీ మీదే వాడేవాళ్లకు ఒక రోజు పని వారం సాగుతుంది. పొద్దున్నే రీస్టార్ట్ కొట్టాలి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా కెర్నెల్ (విండోస్ గుండెకాయ) స్థితి డిస్క్ మీద భద్రంగా ఉండి మర్నాడు అదే మళ్లీ లోడ్ అవుతుంది. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, సీపీయూ కింద అప్ టైమ్ చూడండి. రోజూ ఆపుతున్నా అక్కడ పన్నెండు రోజులు అని కనబడితే కారణం ఇదే.

ఆ తర్వాత కూడా స్లోగా ఉంటే అసలు వెతుకులాట మొదలుపెట్టవచ్చు. అదే పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ మీద క్లిక్ చేయండి. ఐ3 ల్యాప్‌టాప్‌లో కనబడే దృశ్యం ఇలా ఉంటుంది: యాక్టివ్ టైమ్ 100 శాతం దగ్గర గోడలా నిలబడి ఉంటుంది, కానీ రీడ్ స్పీడ్ చూస్తే సెకనుకు ఒకటో రెండో ఎంబీ. యావరేజ్ రెస్పాన్స్ టైమ్ 500 మిల్లీసెకన్లు, ఒక్కోసారి వెయ్యి దాటుతుంది. డిస్క్ వంద శాతం పని చేస్తోంది, మోసేదేమో పిడికెడు. 5400 ఆర్‌పీఎం డిస్క్ పెద్ద ఫైల్‌ను వరసగా చదివితే సెకనుకు 100 ఎంబీ దాకా ఇస్తుంది. చిన్న చిన్న ఫైళ్లు చెల్లాచెదురుగా ఉంటే ముల్లు అటూ ఇటూ పరిగెత్తడానికే సమయమంతా పోతుంది. విండోస్ 11 బూట్ అవగానే విడ్జెట్స్, వన్‌డ్రైవ్, ఎడ్జ్, డిఫెండర్, ఇండెక్సర్ అన్నీ ఒకేసారి డిస్క్ మీద పడతాయి. విండోస్ 10 కూడా ఈ డిస్క్ మీద సుఖంగా ఏమీ నడవలేదు. 11 దాన్ని భరించలేని స్థాయికి తెచ్చింది, అంతే. ఎస్‌ఎస్‌డి ఉన్న మెషీన్‌లో ఇదే సమయంలో రెస్పాన్స్ టైమ్ ఒకటి రెండు మిల్లీసెకన్లు దాటదు.

ఇక్కడ సెట్టింగ్స్ మార్చి సాధించేది ఏమీ లేదు. ఎస్‌ఎస్‌డి వేయాల్సిందే. కొనేముందు ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పి చూడండి. ఆ కాలం ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో 2.5 అంగుళాల బేతో పాటు ఎం.2 స్లాట్ కూడా ఖాళీగా ఉంటుంది. ఆ స్లాట్ సాటా (పాత, నెమ్మది రకం) ఎస్‌ఎస్‌డికా, ఎన్‌వీఎంఈ (కొత్త, వేగం రకం) ఎస్‌ఎస్‌డికా అన్నది మోడల్ మాన్యువల్‌లో చూసి కొనాలి. స్టిక్ చూడ్డానికి ఒకలాగే ఉంటుంది, తేడా గాటుల్లో. సాధారణంగా సాటా స్టిక్‌కి రెండు గాట్లు, ఎన్‌వీఎంఈకి ఒకటి. సాటాకు మాత్రమే తీగలున్న స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పెడితే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్‌లో) అసలు కనబడదు. ఈ తరం మెషీన్‌లో సాటాకూ ఎన్‌వీఎంఈకీ మధ్య తేడా బిల్లులో తెలుస్తుంది గానీ రోజువారీ వాడకంలో పెద్దగా తెలియదు. విండోస్‌ను ఎస్‌ఎస్‌డి మీదకు తెచ్చి, పాత డిస్క్‌ను ఫొటోలకు, వీడియోలకు ఉంచుకోవచ్చు. ఎస్‌ఎస్‌డిలో ఎప్పుడూ 15, 20 శాతం ఖాళీ ఉంచండి. అంచుదాకా నింపితే, ముఖ్యంగా చవక రకాలు, రాయడం మొదలుపెట్టగానే నత్తనడకకు దిగుతాయి.

ర్యామ్ సంగతి సులువు. ఏమీ తెరవకుండానే విండోస్ 11 కాస్త అటూ ఇటూగా మూడు జీబీ ఆక్రమిస్తుంది. 4 జీబీ మెషీన్‌లో క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిచేసరికి పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడే చోటు) మీద బతకాలి, ఆ పేజ్‌ఫైల్ హార్డ్ డిస్క్ మీదుంటే ఇక చెప్పక్కర్లేదు. మెమరీ పేజీలో స్లాట్స్ యూజ్డ్ అన్నచోట 1 ఆఫ్ 2 అని ఉంటే మంచిదే, రెండో స్లాట్‌లో 8 జీబీ డీడీఆర్4 వేయండి. 4, 8 కలిసి 12 అయినా ఫర్వాలేదు, పనిచేస్తుంది. ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉన్నచోట రెండు స్టిక్‌లు ఉండడం వల్ల అదనంగా లాభం కూడా ఉంది.

ఎస్‌ఎస్‌డి, ర్యామ్ రెండూ బాగానే ఉన్నా కిటికీలు లాగుతుంటే తడబడుతున్నాయా, యూట్యూబ్ ఆగి ఆగి ఆడుతోందా? డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. అక్కడ ఇంటెల్ యూహెచ్‌డి అనో రేడియాన్ అనో కాక మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనబడితే దొంగ దొరికినట్టే. అప్‌గ్రేడ్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ ఊడిపోయింది, బొమ్మ గీసే భారమంతా ప్రాసెసర్ మీద పడింది. ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి మీ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్ దించి వేయండి. ముందు చిప్‌సెట్, తర్వాత గ్రాఫిక్స్, ఆ తర్వాత మిగతావి. డ్రైవర్ అప్‌డేటర్ పేరుతో తిరిగే ఉచిత సాఫ్ట్‌వేర్‌ల జోలికి పోవద్దు, అవే ఒక స్టార్టప్ ఐటమ్ అయి కూర్చుంటాయి. పాత యాంటీవైరస్‌ది కూడా ఇదే కథ. గడువు తీరిన యాంటీవైరస్‌ను అప్‌గ్రేడ్‌కు ముందే తీసేయాలి, కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్‌తో. తీసేశాక డిఫెండర్ తనే పగ్గాలు తీసుకుంటుంది.

రైజెన్ వాడినవాళ్ల మొదటి ఏడాది చేదు గురించి చెప్పకపోతే అన్యాయం. విండోస్ 11 వచ్చిన కొత్తలో రైజెన్ చిప్‌ల ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీ) నెమ్మదించింది. కొన్ని అప్లికేషన్లలో 3 నుంచి 5 శాతం, కొన్ని ఈస్పోర్ట్స్ గేముల్లో 10 నుంచి 15 శాతం దాకా వేగం తగ్గవచ్చని రైజెన్ తయారీదారు ఏఎండీయే ఒప్పుకుంది. అదే నెలలో అప్‌డేట్, చిప్‌సెట్ డ్రైవర్ రెండూ వచ్చి అది సర్దుకుంది. 2021 నవంబర్ చివర్లో వచ్చిన అప్‌డేట్ ఇంకో తప్పు సరిచేసింది: డిస్క్ మీద రాసే ప్రతిసారీ విండోస్ అనవసరమైన పని ఒకటి చేస్తుండేది. ఎస్‌ఎస్‌డి ఉన్నా స్లో అన్నవాళ్ల మాట అప్పట్లో అబద్ధం కాదన్నమాట. మూడోది మరీ చికాకు. ఎఫ్‌టీపీఎం (విడి చిప్ లేకుండా ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) ఆన్‌లో ఉన్న కొన్ని రైజెన్ బోర్డుల మీద ఉన్నట్టుండి అంతా క్షణం పాటు బిగుసుకుపోయేది, మౌస్ కదలదు, పాట గిరగిరమంటుంది. 2022 మార్చిలో ఏఎండీ కారణం చెప్పింది. మందు బయోస్ అప్‌డేట్. ఇవాళ కూడా పాత బయోస్‌తోనే నడుస్తున్న బోర్డుల్లో ఈ జబ్బు ఉండొచ్చు. అయితే బయోస్ ముట్టుకునే ముందు డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. అప్‌డేట్ తర్వాత నీలం తెర మీద 48 అంకెల కీ అడిగితే అప్పుడు వెతుక్కోవడం నరకం.

కెర్నెల్‌లోకి హానికర కోడ్ చొరబడకుండా కాపాడే మెమరీ ఇంటిగ్రిటీ ఆఫ్ చేస్తే సిస్టమ్ రాకెట్‌లా పరుగెడుతుందని వీడియోలు చెబుతుంటాయి. విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్‌లో ఉంటుంది ఆ స్విచ్. గేమ్స్‌లో కాస్త తేడా ఉంటుంది, మైక్రోసాఫ్టే గేమర్లు కావాలంటే ఆఫ్ చేసుకోవచ్చని చెప్పింది. ఎక్సెల్, ట్యాలీ, బ్రౌజర్ పనుల్లో మాత్రం కంటికి కనబడే తేడా లేదు. బ్యాంకు పనులు చేసే మెషీన్‌లో దాన్ని ఆపడం నా దృష్టిలో తెలివితక్కువ బేరం.

మరి విండోస్ 11 సొంత తప్పేమీ లేదా? ఉంది, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఉంది. మంచి ఎస్‌ఎస్‌డి మీద కూడా ఫోల్డర్ తెరవడం విండోస్ 10 కన్నా ఒక వాసి నెమ్మది. రైట్ క్లిక్ చేస్తే కొత్త మెనూ ఒక రెప్పపాటు ఆలోచించి, ముక్కలుముక్కలుగా వస్తుంది; మనకు కావలసింది అందులో ఉండదు, షో మోర్ ఆప్షన్స్ నొక్కాలి. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ నేరుగా వస్తుంది, అలవాటు చేసుకోండి. ఎక్స్‌ప్లోరర్ తెరవగానే హోమ్ బదులు దిస్ పీసీ వచ్చేలా ఫోల్డర్ ఆప్షన్స్‌లో మార్చితే ఇంకొంత తెరిపి. విడ్జెట్స్‌ను టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో ఆపేయండి, అది వెనకాల వెబ్‌వ్యూ ప్రాసెస్‌లను మోసుకు తిరుగుతుంది. స్టార్టప్ యాప్స్‌లో హై ఇంపాక్ట్ అని ఉన్నవన్నీ డిసేబుల్ చేయవచ్చు, టచ్‌ప్యాడ్, ఆడియోలకు చెందినవి తప్ప.

మన దగ్గర డీటీపీ చేసేవాళ్ల మెషీన్లలో ఇంకో ప్రత్యేకమైన బరువు ఉంటుంది: వందల కొద్దీ తెలుగు ఫాంట్లు. అప్‌గ్రేడ్ తర్వాత ఫాంట్ క్యాష్ మళ్లీ తయారయ్యేదాకా ఫొటోషాప్, వర్డ్ తెరుచుకోవడానికి ఆపసోపాలు పడతాయి. వాడనివి సీ డ్రైవ్ ఫాంట్స్ ఫోల్డర్ నుంచి తీసి వేరేచోట దాచుకుంటే ఆ రెండూ తేలికపడతాయి. డాస్ కాలపు ఫాక్స్‌ప్రోలో బిల్లింగ్ నడుపుతున్న కొట్లకైతే స్లో అన్న ప్రశ్నే రాదు. ఆ కాలపు 16-బిట్ ప్రోగ్రామ్‌లు 32-బిట్ విండోస్‌లోనే నడుస్తాయి, విండోస్ 11కు 32-బిట్ ఎడిషన్ లేదు కాబట్టి ఆ ప్రోగ్రామ్ నేరుగా తెరుచుకోదు.

ఇంకొక దొంగ కారణం ఉంది, దాని నింద కూడా విండోస్ మీదే పడుతుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ స్పీడ్ ఎంత పని ఇచ్చినా 0.79 గిగాహెర్ట్జ్ దగ్గరో, అంతకన్నా కిందో మేకు కొట్టినట్టు ఉండిపోతే చార్జర్‌ను అనుమానించండి. అసలు అడాప్టర్ పోయి తక్కువ వాట్ల డూప్లికేట్ పెడితే కొన్ని ల్యాప్‌టాప్‌లు ప్రాసెసర్‌ను కట్టేస్తాయి. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. వేడి కూడా అంతే: రామగుండం, రెంటచింతల ఎండల్లో ఫ్యాన్‌లో దుమ్ము పేరుకున్న ల్యాప్‌టాప్ ఏ విండోస్ ఉన్నా వేగం తగ్గించుకుంటుంది.

వెనక్కి వెళ్లాలంటే గడువు 10 రోజులు. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది. ఈ లోపు స్థలం కోసం డిస్క్ క్లీనప్‌లో ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్‌కు టిక్ పెట్టి తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఈఎస్‌యూలో (పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో) చేరిన వ్యక్తిగత వాడకందారులకు 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు. కాబట్టి వెనక్కి వెళ్లడం వాయిదా మాత్రమే. దానికన్నా అదే రికవరీ పేజీలో విండోస్ అప్‌డేట్ ద్వారా రీఇన్‌స్టాల్ చేసే బటన్ నొక్కడం మేలు. ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు అలాగే ఉండి సిస్టమ్ ఫైళ్లు కొత్తవి వస్తాయి. అదీ పనిచేయకపోతే డేటా బ్యాకప్ తీసి క్లీన్ ఇన్‌స్టాల్, అంటే డిస్క్ తుడిచి విండోస్‌ను మొదటి నుంచి వేయడం. విండోస్ 7 రోజుల నుంచి ఒకదాని మీద ఒకటి అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చిన మెషీన్లకు నేరుగా ఇదే చేయమంటాను.

ఆ ఐ3 ల్యాప్‌టాప్‌కు 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డి, రెండో స్లాట్‌లో 8 జీబీ స్టిక్ పడ్డాయి. అదే విండోస్ 11, అదే ప్రాసెసర్. ఎక్స్‌ప్లోరర్ రైట్ క్లిక్ మెనూ మాత్రం ఇప్పటికీ ఒక రెప్పపాటు ఆలోచిస్తుంది.