రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి అయిదు దాకా, ట్రాన్స్-అలెగెనీలో

వెస్ట్ వర్జీనియాలో వెస్టన్ అని చిన్న ఊరు. అక్కడి పాత మానసిక వైద్యశాల, ట్రాన్స్-అలెగెనీ లునాటిక్ అసైలంలో రాత్రంతా సాగే ఘోస్ట్ హంట్‌కి (దెయ్యాల వేటకి) మా మరిదితో కలిసి వెళ్ళొచ్చాను. టికెట్ మనిషికి వంద డాలర్లు దాటింది. "అంత పెట్టొచ్చా?" అని అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. దెయ్యాన్ని చూద్దామని మాత్రమే అయితే వద్దు. ఆ భవనాన్ని చూడ్డానికైతే తప్పకుండా వెళ్ళండి.

నేను నర్సుని. బీఎస్సీ నర్సింగ్‌లో సైకియాట్రీ పోస్టింగ్ ఎర్రగడ్డలో చేశాను. ఇప్పుడు పిట్స్‌బర్గ్‌లో ఎక్కువగా నైట్ డ్యూటీలే. చీకటి వార్డు, పొడుగాటి కారిడారు, అర్ధరాత్రి ఎక్కడో తలుపు చప్పుడు నాకు రోజూ ఉండేవే. కాబట్టి నాకు భయం వేయలేదన్న మాటకి పెద్ద విలువ ఇవ్వకండి. మా మరిదికి వేసింది, అదీ బాగానే.

లోపల అడుగుపెట్టగానే నా కళ్ళు వార్డుల అమరిక మీద పడ్డాయి. కిర్క్‌బ్రైడ్ అనే డాక్టరు పద్ధతిలో కట్టిన ఆసుపత్రి ఇది. మధ్యలో గడియారం గోపురం, రెండు పక్కలా రెక్కలు. ఒక్కో రెక్క ముందుదాని కన్నా కాస్త వెనక్కి జరిగి మెట్లుమెట్లుగా ఉంటుంది. ప్రతి వార్డుకీ ఎండా గాలీ తగలాలని అలా కట్టారు. నెమ్మదిగా ఉండే పేషెంట్లు మధ్య భాగానికి దగ్గర్లో, గొడవ చేసేవాళ్ళు చివర. ఆలోచన మంచిదే. 1858లో పని మొదలై, అంతర్యుద్ధంలో ఆగి, 1864లో మొదటి పేషెంట్లు వచ్చి, మొత్తం అయ్యేసరికి 1881. (యుద్ధం మొదట్లో ఒహాయో సైనికులు వచ్చి, ఆసుపత్రి కట్టడానికి బ్యాంకులో దాచిన బంగారాన్ని పట్టుకుపోయారు. గైడ్లు ఈ కథ చెబుతుంటే వినాలి.) కట్టింది 250 మందికి. 1950ల్లో ఉన్నది దాదాపు 2,400 మంది. గదుల వెడల్పు చూశాక ఆ లెక్క నాకు మింగుడు పడలేదు. ఒక మంచం వేస్తే పక్కన నిలబడి బీపీ చూడ్డానికే ఇరుకు. మిగతావాళ్ళని ఎక్కడ పడుకోబెట్టారు, రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉండేవాళ్ళు? నేను గైడ్‌ని అడిగినవన్నీ ఇలాంటివే. ఆవిడ విసుక్కోకుండా, తెలిసినంత వరకూ చెప్పింది.

ఇక వేట సంగతి. గుంపులుగా విడదీసి, గైడ్‌ని ఇచ్చి అంతస్తులు తిప్పుతారు. తర్వాత మన ఇష్టం, మనమే తిరగొచ్చు. మా మరిది ఆన్‌లైన్‌లో ఒక కిట్ కొన్నాడు: అయిదు లైట్ల ఈఎంఎఫ్ మీటరు (చుట్టూ ఉన్న విద్యుదయస్కాంత క్షేత్రాన్ని పట్టేది, దెయ్యం దగ్గరికొస్తే లైట్లు వెలుగుతాయని వేటగాళ్ళ నమ్మకం), స్పిరిట్ బాక్సు. మూడో అంతస్తులో మీటరు ఎర్ర లైటు దాకా వెళ్ళింది. "వదినా, వచ్చేశారు!" అన్నాడు గొంతు తగ్గించి. "ముందు నీ జేబులో ఫోను తియ్యి" అన్నాను. తీసి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాడు. లైట్లు పడుకున్నాయి. తర్వాత గైడ్ వాకీటాకీ నొక్కినప్పుడల్లా మళ్ళీ లేచాయి. పక్కన ఏ కరెంటు వస్తువున్నా ఆ మీటరు ఉలిక్కిపడుతుంది, దాని పనే అది.

స్పిరిట్ బాక్సు ఇంకా తమాషా. అదో రేడియో. స్టేషన్లని ఆగకుండా గబగబా మారుస్తూ పోతుంటే ముక్కలు ముక్కలుగా మాటలు వినిపిస్తాయి. ఆ గరగరలోంచి మా వాడికి "వెళ్ళు, వెళ్ళు" అని స్పష్టంగా వినిపించిందట. మా గుంపులో ఉన్న అమెరికన్ అమ్మాయికి అదే చప్పుడు "హెలెన్" అని వినిపించింది. వెస్ట్ వర్జీనియా దెయ్యానికి తెలుగు ఎప్పుడొచ్చిందిరా అంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. గరగరలో ఎవరి చెవికి ఎవరి భాష దొరుకుతుంది, అంతే. కిట్ కొనకండి. ఆ డబ్బుతో మంచి టార్చి, మందపాటి సాక్సులు కొనుక్కోండి.

లిల్లీ అనే దెయ్యం పాపది అంటూ ఒక గది ఉంది. వచ్చినవాళ్ళు బొమ్మలు, చాక్లెట్లు, బంతులు వదిలి వెళ్తారు. ఆ పాప గురించి చెప్పే కథలు ఒకదానితో ఒకటి కలవవు. అయినా అక్కడ అందరూ మెల్లగా, ముద్దుగా మాట్లాడారు. పై అంతస్తుకి వెళ్ళాక మాత్రం మా గుంపులో ఒకాయన ఖాళీ గది గుమ్మంలో నిలబడి, "నీకు షాకులు ఇచ్చారా? కోపం వచ్చిందా? రా, చూపించు!" అని అరిచాడు. రెచ్చగొడితే వస్తాయట. ఎర్రగడ్డలో ఏ స్టూడెంటైనా పేషెంటుతో అలా మాట్లాడి ఉంటే మా ట్యూటర్ మేడం ఆ పూటే వార్డులోంచి పంపించేసేది. నేను ఆయనకి అదే చెప్పాను. సారీ అన్నాడు పాపం.

నాకు ఒళ్ళు జలదరించింది ఒక్కచోటే, అదీ దెయ్యం వల్ల కాదు. వాల్టర్ ఫ్రీమన్ అనే డాక్టరు కంటి పైన గూట్లోంచి మేకు లాంటి పరికరం దింపి, మానసిక జబ్బు తగ్గించడానికని మెదడులో నరాలు తెంపేవాడు. 1952లో ఈ రాష్ట్రం ఆసుపత్రుల్లో రెండు వారాల్లోపే 200 మందికి పైగా చేశాడు. వెస్టన్ ఆ ఆసుపత్రుల్లో ఒకటి. రెండేళ్ళు తిరక్కుండా అలాంటి జబ్బులకి వాడే మందు క్లోర్‌ప్రోమజిన్ అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ఆ మాత్ర నేను నా చేత్తో ఎంతమందికి ఇచ్చానో! గైడ్ ఇదంతా చెబుతుంటే మా మరిది మీటరు ఆపి జేబులో పెట్టేశాడు.

1994లో ఆసుపత్రి మూతపడింది. 2007 వేలంలో ఒకాయన 15 లక్షల డాలర్లకి కొని, టూర్ల డబ్బుతో మరమ్మతులు మొదలుపెట్టారు. "లునాటిక్ అసైలం" (పిచ్చాసుపత్రి) అన్న పాత పేరు తిరిగి పెట్టినందుకు మానసిక వైద్య హక్కులవాళ్ళు గొడవ చేశారు. నా ఓటు వాళ్ళకే.

నన్నడిగితే పగటి హెరిటేజ్ టూర్ ముందు తీసుకోండి. కిటికీల్లోంచి ఎండ పడుతుంటేనే ఆ కట్టడం అర్థమవుతుంది. అది చూశాక కూడా మనసు లాగితే రాత్రికి ఉండండి. లోపల పెచ్చులూడిన పెయింటు, దుమ్ము. ఆస్తమా ఉన్నవాళ్ళు మాస్కు, ఇన్హేలరు మర్చిపోవద్దు. బయట కన్నా లోపలే చలి ఎక్కువ అనిపించింది. తెల్లవారుజామున అయిదింటికి బయటపడి ఐ-79 ఎక్కి ఇంటికి వచ్చేద్దామనుకోకండి. పిట్స్‌బర్గ్‌కి రెండు గంటలు, దారి నిండా జింకలు. హైవే ఎగ్జిట్ దగ్గరే మోటెల్ రూము ముందుగా తీసిపెట్టుకోండి.