లోహం లేని ఉత్ప్రేరకానికి ఏ లెక్క మేలు?

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో, పాలమూరు యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ చదువుతూ, ఉత్ప్రేరకాల మీద కంప్యూటర్ ప్రాజెక్టు ఎంచుకున్నవాళ్లకు ముందు వచ్చే టెన్షన్ ఇది: బీ3ఎల్‌వైపీ సరిపోతుందా, ఎం06-2ఎక్స్ కావాలా, లేక ఏకంగా డీఎల్‌పీఎన్‌ఓ-సీసీఎస్‌డీ(టీ)నా? మూడూ అణువుల ఆకృతిని, శక్తిని కంప్యూటర్ మీద లెక్కగట్టే పద్ధతులే. మొదటి రెండూ డీఎఫ్‌టీ, అంటే ఎలక్ట్రాన్ సాంద్రతను బట్టి వేసే లెక్కలో వాడే సూత్రాలు (ఫంక్షనల్స్); మూడోది ఇంకా బరువైన లెక్క.

లోహం లేకుండా హైడ్రోజన్‌ను చీల్చేదిగా రసాయన శాస్త్రవేత్త డగ్లస్ స్టీఫన్ బృందం 2007లో చూపిన జంటనే తీసుకుందాం. ఒకవైపు మూడు టెర్ట్-బ్యూటైల్ గుంపులున్న ఫాస్ఫీన్, ఇంకోవైపు ఫ్లోరిన్ నిండిన బోరేన్. రెండూ మరీ లావు కాబట్టి బంధం కట్టుకోలేవు. ఆ సందులోకి హైడ్రోజన్ వస్తే ప్రోటాన్ ఫాస్ఫరస్‌కు, హైడ్రైడ్ బోరాన్‌కు పోతాయి. మొత్తం 76 పరమాణువులు.

బంధం లేదు కదా, మరి వాటిని దగ్గర పట్టి ఉంచేది ఏది? ఎక్కువ భాగం డిస్పర్షన్, అంటే బంధం లేకున్నా అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణే. ఉత్త బీ3ఎల్‌వైపీకి అది కనపడదు, అందుకే ఈ జంట కలయికను బాగా బలహీనంగా చూపిస్తుంది. గ్రిమ్మె బృందం 2010లో ఇచ్చిన డీ3 సవరణ కలిపితే ఆ లోపం చాలావరకు తీరుతుంది, అదనపు సమయం దాదాపు ఏమీ పట్టదు. పాత పేపర్లలో ఉందని డీ3 లేకుండా వేయడం నాకైతే మింగుడుపడదు.

జావో, ట్రూలార్ 2008లో ప్రచురించిన ఎం06-2ఎక్స్ ఇలాంటి బోరాన్, ఫాస్ఫరస్ పనికి బాగుంటుంది. పరివర్తన లోహాల జోలికి మాత్రం దాన్ని తీసుకుపోవద్దు. లెక్క వేసే బిందువుల వలను (గ్రిడ్) సన్నగా పెట్టకపోతే చిన్న ఫ్రీక్వెన్సీలు, అంటే అణువు నెమ్మది కంపనాలు, తేడా చేస్తాయి.

మూడోదైన డీఎల్‌పీఎన్‌ఓ-సీసీఎస్‌డీ(టీ) నమ్మకంలో మేటి. కానీ ఆకృతి డీఎఫ్‌టీతోనే తేల్చుకుని, శక్తి మాత్రం దీంతో వేస్తారు. డిపార్ట్‌మెంటులోని 16 జీబీ కంప్యూటర్ మీద 76 పరమాణువులకు ఇది కష్టమే. ఈ లెక్క వేసే ఓర్కా సాఫ్ట్‌వేర్ విద్యాసంస్థలకు ఉచితమే అయినా, మెమరీ ఉచితం కాదు కదా!

నా ఓటు బీ3ఎల్‌వైపీ-డీ3తో ఆకృతులు, ఫ్రీక్వెన్సీలు. ఆపై ఎం06-2ఎక్స్‌తో శక్తి సరిచూడటం. రెండూ చర్య జరిగే ఒకే దారిని సులువైనదిగా చూపిస్తే ముందుకు పోవచ్చు. విభేదిస్తేనే హైదరాబాద్‌లో ఎవరి సర్వర్‌నైనా అడగాలి. గది ఉష్ణోగ్రత దగ్గర చర్య దాటాల్సిన శక్తి అడ్డుగోడలో మోల్‌కు 1.4 కిలోక్యాలరీల తప్పు పడితే వేగం పది రెట్లు మారుతుంది. కాబట్టి రేటు ఇంత అని గట్టిగా రాయకండి.

ఇంకో చిక్కు ఫంక్షనల్ మార్చినా పోదు. మూడు అణువులు ఒక్కచోట చేరాలంటే ఎంట్రోపీ మూల్యం పెద్దది, చిన్న ఫ్రీక్వెన్సీల దగ్గర హార్మోనిక్ లెక్క (కంపనాలను స్ప్రింగు ఊపులా చూసేది) దాన్ని సరిగా చెప్పదు. దాన్ని సరిదిద్దే క్వాసీ-హార్మోనిక్ సవరణ వేసిన అంకె, వేయని అంకె రెండూ రిపోర్టులో పక్కపక్కన పెట్టండి.