ఇద్దరు పిల్లలు, అత్తయ్య, రెండు రోజుల హైదరాబాద్

మొన్న శని, ఆదివారాలు వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లొచ్చాం. బాబుకి ఏడేళ్లు, పాపకి నాలుగు. మోకాళ్ల నొప్పులున్నా మా అత్తయ్య కూడా వచ్చారు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి ముందే ఒక మాట చెప్తా: రోజుకి రెండు చోట్లు చాలు. మూడోది పెట్టుకుంటే దాన్నీ సరిగ్గా చూడలేం, మొదటి రెండిటి సంతోషమూ మిగలదు.

బస సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర తీసుకున్నాం. ఫోన్‌లో 'ఫ్యామిలీ రూమ్' అని బుక్ చేస్తే, తీరా వెళ్లాక ఉన్నది ఒక్క డబుల్ కాట్. అదనపు పరుపుకి వేరే డబ్బులన్నారు. వేణ్ణీళ్లు పొద్దున రెండు గంటలేనట. దుమ్ము కొట్టుకుపోయిన పాపకి రాత్రి చన్నీళ్లతోనే ఒళ్లు తుడిచి పడుకోబెట్టాను. నాకు చాలా బాధనిపించింది. ఫొటోలు చూసి డబ్బులు కట్టకండి. ఫోన్ చేసి మంచాలెన్ని, వేణ్ణీళ్లు ఎప్పుడొస్తాయి, లిఫ్ట్ ఉందా అని అడిగి మరీ కట్టండి.

ఆ గది గొడవతో జూపార్కుకి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. 1963లో మొదలైన ఈ జూ 380 ఎకరాలు. పిల్లల్ని ఎత్తుకుని నడిచే దూరం కాదు. బ్యాటరీ బండి టికెట్ గేటు దగ్గరే తీసుకోండి, మేం పెట్టిన ఖర్చుల్లో అన్నిటికన్నా విలువైంది అదే. పులి మాత్రం నీడన పడుకుని తోక కూడా కదపలేదు. పొద్దున్నే వెళ్లాల్సింది. సోమవారం సెలవని కూడా గుర్తుంచుకోండి.

సాయంత్రం చార్మినార్. శనివారం జనంలో పాప చెయ్యి వదలాలంటే భయమేసింది. మెలికల మెట్లు అత్తయ్య ఎక్కలేరు. కిందనుంచే చూసి, ఉస్మానియా బిస్కెట్లు కొనుక్కుని వచ్చేశాం. పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ వెళ్తాం.

ఆదివారం మాత్రం బంగారంలా గడిచింది. సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కితే నేరుగా ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్), అక్కణ్నుంచి ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం తప్ప తెరిచే ఉంటుంది. పన్నెండింటికి పది నిమిషాల ముందే అక్కడి బొమ్మల గడియారం ఎదురుగా కూర్చున్నాం. గడ్డం బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొడుతుంటే హాలంతా నిశ్శబ్దం. మా పాపకి పది వరకే అంకెలొచ్చు. వాళ్ల నాన్న ఒళ్లో నిలబడి పదీ లెక్కపెట్టింది, గంట ఇంకా మోగుతోంది. ఒక్క క్షణం ఆగి, మళ్లీ "ఒకటి... రెండు" అంది. పక్కన కూర్చున్న పెద్దావిడ దాని బుగ్గలు పుణికింది.

అత్తయ్య ముసుగు రెబెక్కా విగ్రహం ముందు నుంచి కదల్లేదు. "ఇది రాయేనా అమ్మా, పల్చటి పంచెలా ఉందే" అని రెండుసార్లు అడిగారు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి ముసుగు అది. మ్యూజియంలో గదులు చాలానే ఉన్నాయి. మేం సగం కూడా చూడలేదు, చూడాలనీ ప్రయత్నించలేదు.

మధ్యాహ్నం పెరుగన్నం తిని, మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగి ఆటోలో నౌబత్ పహాడ్ గుట్ట ఎక్కాం. అక్కడి బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసార్ అస్థిపంజరం ఉంది. పేరు కోటసారస్. ఆ ఎముకలు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికాయని వాళ్ల నాన్న చెప్పగానే బాబు కళ్లు ఇంతింతయ్యాయి. "అంటే మన తెలంగాణదేనా!" అని దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. పక్కనే ఉన్న బిర్లా మందిర్ మెట్లు చూసి అత్తయ్య కిందనుంచే దణ్ణం పెట్టుకున్నారు.

రైలెక్కగానే పాప నిద్రపోయింది. బాబు మాత్రం ఘట్‌కేసర్ దాటేదాకా యామన్‌పల్లికి ఎప్పుడెళ్దామని అడుగుతూనే ఉన్నాడు.