నీటి అడుగున తిరిగే వాహనానికి ఏ చార్టు: జియోటిఫ్‌దా, ఎస్-57దా?

నీటి లోపలికి జీపీఎస్ సిగ్నల్ అందదు. మునిగాక వాహనం తన వేగం, దిశలను బట్టి తానెక్కడుందో లెక్క కట్టుకుంటూ పోవాల్సిందే కాబట్టి, దానికిచ్చే చార్టు, అంటే సముద్ర పటం, సరిగ్గా ఉండాలి.

జియోటిఫ్ అంటే అక్షాంశ రేఖాంశాలు అతికించిన బొమ్మ. పాత కాగితపు చార్టును స్కాన్ చేసి, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో అక్షాంశ, రేఖాంశ గీతలు కలిసే చోట్ల నాలుగైదు బిందువులు గుర్తిస్తే తయారు. చిక్కంతా డేటమ్ దగ్గరే, అంటే అక్షాంశ రేఖాంశాలను కొలవడానికి ఆధారంగా తీసుకున్న భూమి నమూనా దగ్గరే. పాత ఎవరెస్ట్ డేటమ్ మీద గీసిన చార్టును, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84 డేటమ్‌ది అనుకుని వాడితే, విశాఖ తీరంలో వంద మీటర్ల పైనే పక్కకు జరుగుతుంది. పైగా బొమ్మలో "12" అని ఉంటే మనకు అది లోతు, సాఫ్ట్‌వేర్‌కు నల్ల చుక్కల గుంపు.

ఎస్-57 అంటే ఎలక్ట్రానిక్ సముద్ర చార్టులకు వాడే అంతర్జాతీయ ఫార్మాట్. ఇందులో లోతులూ, రాళ్లూ, శిథిలాలూ బొమ్మగా కాక, సాఫ్ట్‌వేర్ చదవగల సమాచారంగా ఉంటాయి. "పది మీటర్లలోపు చోట్లకు వెళ్లకు" అంటే ప్రోగ్రాం దాన్ని అమలు చేయగలదు. మన తీరానికి ఇవి తయారుచేసేది డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం. అయితే అవి ఓడల కోసం చేసినవి. అడుగున పడున్న వలో, చిన్న బండో వాటిలో దొరకదు.

నా ఓటు ఎస్-57కే. సొంతంగా తీసిన సోనార్ చిత్రం ఉంటే మాత్రం జియోటిఫ్‌గా దానిపై పరుస్తాను. ఆటుపోట్ల సవరణ ఎందులోనైనా తప్పదు.