మాంసం మానేసిన టీనేజీ పిల్లలకు మీల్ మేకర్ పనికొస్తుందా?

పదహారేళ్ల పిల్లలు మాంసం మానేస్తే కిరాణా కొట్టులో ముందు కొనాల్సింది మీల్ మేకరే, అంటే సోయా ఉండలే. 100 గ్రాముల ఎండు ఉండల్లో సుమారు 52 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. 16-18 ఏళ్ల అమ్మాయికి రోజుకు 46, అబ్బాయికి 55 గ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. అంటే 50 గ్రాములు వండితే దాదాపు సగం వచ్చేసినట్టే.

రుచి మాత్రం వండే చేతిలో ఉంది. చాలామంది ఎండువి నేరుగా కూరలో వేసేస్తారు. పచ్చి వాసన పోదు, పులుసంతా అవే పీల్చేస్తాయి. ఉప్పు వేసి మరిగించిన నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, చన్నీళ్లలో కడిగి, గుప్పిట్లో గట్టిగా పిండాలి. మొదటిసారి నురగతో పసుపు రంగు నీళ్లు కారతాయి. అవి తేటపడేదాకా రెండు మూడుసార్లు పిండితేనే లోపలిదాకా మసాలా పడుతుంది. వేపుడుకైతే చిన్న సైజువే బాగుంటాయి. విడిగా అమ్మేవి వాసన చూసి కొనండి, ముక్కిన వాసన వస్తే అసలు వద్దు.

పెద్ద లోటు, ఇందులో బీ12 విటమిన్ లేదు. రోజూ పాలు, పెరుగు ఉండాల్సిందే. అవీ మానేస్తే డాక్టర్‌ని అడిగి మాత్రలు వాడాలి. ఇందులోని ఐరన్ ఒంటబట్టాలంటే కూరపై నిమ్మకాయ పిండండి, తిన్న గంటదాకా టీ ఇవ్వకండి.