జ్ఞాన దంతం మీద చిగురు లేజర్‌తో తీయించుకున్నా (నెల్లూరు, పొగతోట)

కుడివైపు కింద జ్ఞాన దంతం సగం వచ్చి ఆగిపోయింది, మిగతా సగాన్ని చిగురు మూతలాగా కప్పేసింది. ఆ సందులో మెతుకు ఇరుక్కోవడం, వాచిపోవడం, నోరు తెరవలేకపోవడం, ఐదు రోజులు యాంటీబయాటిక్ మింగడం, నెల తిరక్కుండానే మళ్లీ అదే కథ. ఈ ఏడాదిలోనే మూడుసార్లు.

మొదట పోయిన క్లినిక్ పేరు చెప్పను. బోర్డు మీద లేజర్ అని పెద్ద అక్షరాలు. లోపల నా పన్ను సరిగ్గా చూడకుండానే ప్యాకేజీ చెప్పారు, రూట్ కెనాల్‌తో సహా అన్నీ లేజరేనట, నొప్పే ఉండదట. ఏ లేజర్ అని అడిగితే జవాబు లేదు. లేచి వచ్చేశాను.

రెండోది ఒక సందులో, మొదటి అంతస్తులో. ఇక్కడి డాక్టరమ్మ ముందు ఎక్స్‌రే తీయించారు. పన్ను నిటారుగానే వస్తోంది, చోటు కూడా ఉంది, కాబట్టి చిగురు తీస్తే చాలు అన్నారు. అదే పన్ను అడ్డంగా పడుకుని ఉంటే మాత్రం లేజర్ వల్ల లాభం లేదు, పీకించుకోవాల్సిందే అని కూడా చెప్పారు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

వాళ్ల దగ్గర ఉన్నది డయోడ్ లేజర్, దాని కాంతి తరంగదైర్ఘ్యం 980 నానోమీటర్లు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆ కాంతిని పీల్చుకుంటుంది, దాంతో కోసిన చోటే సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. పన్నును మాత్రం అది కోయలేదు. పుచ్చు తీయాలంటే 2,940 నానోమీటర్ల ఎర్బియం లేజర్ లాంటిది కావాలి, అది పంటిలోని నీటిని వేడెక్కించి కొంచెం కొంచెంగా తొలుస్తుంది, పాత వెండి ఫిల్లింగ్ ఉంటే దాన్ని తీయడానికి అదీ పనికిరాదు. "అది మా దగ్గర లేదమ్మా, పుచ్చుకు మేం డ్రిల్లే వాడతాం" అని ఆవిడ దాచకుండా చెప్పేశారు.

అసలు పని పదిహేను నిమిషాలు. నాకూ, డాక్టరమ్మకూ, అసిస్టెంట్‌కూ అందరికీ కళ్లద్దాలు పెట్టారు, అవి ఆ లేజర్ కోసమే చేసినవి, మామూలు నల్లద్దాలు కాదు. చిన్న ఇంజక్షన్ ఇచ్చారు, ఆ పోటు తెలిసింది, తర్వాత ఏమీ తెలియలేదు. వెంట్రుక కాలిన వాసన వస్తుంది, ముందే తెలిస్తే టెన్షన్ పడరని రాస్తున్నా. కుట్లు లేవు, ఉమ్మిలో ఎర్రటి చార కూడా దాదాపు లేదు. ఆ రాత్రి మత్తు దిగాక నొప్పి వచ్చింది, ఒక మాత్రతో పోయింది. మూడు రోజులు పెరుగన్నం, ఉప్పునీళ్ల పుక్కిలింత. వారం తర్వాత చేపల పులుసు తిన్నాను, కుడివైపు నమిలి మరీ. మొత్తం 3,500 అయింది, ఎక్స్‌రేతో కలిపి.

బాగా లేనిది ఒకటే, ఆరింటికి రమ్మని ఏడున్నరకు పిలిచారు. వాచిన దవడతో గంటన్నర కూర్చోవడం తేలిక కాదు, ఇది వాళ్లు మార్చుకోవాలి.

మా అమ్మవాళ్లది కనిగిరి వైపు. ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన గార పళ్లు అమ్మవి, ఈమధ్య చిగుళ్ల నుంచి రక్తం కూడా వస్తోంది. లేజర్‌తో ఆ గార పోతుందా అని ఆశగా అడిగాను. పోదన్నారు. చిన్నప్పుడు ఎనామెల్, అంటే పంటి గట్టి పైపొర, తయారయ్యేటప్పుడే లోపల చేరిన మార్పు అది. చిగుళ్లకు కూడా ముందు మామూలు స్కేలింగ్ (పళ్ల మీద పేరుకున్నది గీకి శుభ్రం చేయడం) చేసి చూద్దాం, లేజర్ సంగతి తర్వాత అన్నారు. శనివారం అమ్మను తీసుకెళ్తున్నా, ఈసారి పొద్దున పదింటికే టోకెన్ తీసుకున్నాను.